గింజ ఉబ్బింది గానీ మొలకెత్తలేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు ఉప్పు గురించే. మృగశిర దగ్గర పడిందంటే అటకల మీది గోనెలు కిందికి దిగుతాయి, విత్తనాలతో పాటు అనుమానాలూ బయటికొస్తాయి, పైగా మనది సముద్రం పక్కన బతుకు. నౌపడ మీదుగా రైల్లో వెళ్తూ కిటికీలోంచి ఉప్పు మళ్ళు చూడనివాళ్ళు మన జిల్లాలో ఎంతమంది ఉంటారు? అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి, ఉప్పు ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చాను. ముందు ఒక బడిపిల్లది. పెద్దవాళ్ళు కూడా దాన్ని వదలకుండా చదవండి, మీ ప్రశ్నలకి సగం జవాబు అందులోనే ఉంది.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. సైన్స్ ప్రాజెక్టు కోసం నాలుగు గ్లాసుల్లో 20 చొప్పున పెసలు వేశాను. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో లీటరుకి ఒక చెంచా ఉప్పు కలిపిన నీళ్ళు, మూడోదాంట్లో రెండు చెంచాలు కలిపినవి, నాలుగోదాంట్లో కళింగపట్నం బీచి నుంచి తెచ్చిన సముద్రపు నీళ్ళు. మామూలు నీళ్ళలో 19 మొలకెత్తాయి. ఒక చెంచా దాంట్లో ఆలస్యంగా 15, రెండు చెంచాల దాంట్లో 4. సముద్రపు నీళ్ళలో ఒక్కటీ రాలేదు, కానీ గింజలన్నీ బాగా ఉబ్బాయి. ఉబ్బాయంటే నీళ్ళు లోపలికి వెళ్ళినట్టే కదా, మరి ఎందుకు మొలకెత్తలేదు? మూడో రోజు అవి కడిగి మంచినీళ్ళలో వేస్తే 11 మొలకెత్తాయి. మా క్లాసులో ఎవరూ నమ్మట్లేదు. (గార మండలం నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: అమ్మా, నేను నమ్ముతున్నాను. ఎందుకంటే కల్పించి రాసేవాళ్ళెవరూ ఆ చివరి పదకొండూ రాయరు.

ఎండిన గింజలో నూటికి పది పాళ్ళు అటూఇటూగా మాత్రమే తేమ ఉంటుంది. అంత ఎండిపోయిన పిండిపదార్థం, మాంసకృత్తులు ఏ నీళ్ళు తగిలినా పీల్చేసుకుంటాయి, ఎండు గోనెగుడ్డ మీద చెంబుడు నీళ్ళు ఒలికితే పీల్చినట్టు. దానికి గింజలో ప్రాణం ఉండక్కర్లేదు. పురుగు తిని చచ్చిన పెసర గింజని నానబెట్టినా ఉబ్బుతుంది, కావాలంటే చూడు. ఈ మొదటి లాగుడు ఎంత గట్టిదంటే సముద్రపు నీళ్ళు కూడా దాన్ని ఆపలేవు, కాస్త నెమ్మది చేస్తాయి అంతే. నువ్వు చూసిన ఉబ్బు అదే.

ఆ తర్వాత గింజ కొంతసేపు ఆగుతుంది. బయటికి ఏమీ జరగనట్టే ఉంటుంది గానీ లోపల దాచుకున్న ఆహారం విడగొట్టడానికి ఎంజైములు తయారవుతుంటాయి. ఇక మూడో మెట్టులో వేరుమొన పొట్టు చీల్చుకుని బయటికి రావాలి. దానికి వేరుమొనలో కణాలు సాగాలి, సాగాలంటే మరికొన్ని నీళ్ళు లోపలికి రావాలి, ఈసారి గోనెగుడ్డ పీల్పు పనిచెయ్యదు. కణం లోపలి ద్రవం కన్నా బయటి నీళ్ళు పలచగా ఉంటేనే నీళ్ళు లోపలికి వస్తాయి. బయటి నీళ్ళే చిక్కగా ఉంటే?

మీ ఇంట్లో మాగాయ పెట్టేటప్పుడు చూసే ఉంటావు. మామిడి ముక్కలకి ఉప్పు పట్టించి ఉంచితే తెల్లారేసరికి జాడీలో ఊట. ఆ నీళ్ళు ఎవరూ పొయ్యలేదు, ముక్కలోంచి ఉప్పు లాగినవే. సముద్రపు నీళ్ళలో గింజ పరిస్థితీ దాదాపు అంతే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, ఆ నీరు లాగే బలం సుమారు 25 వాతావరణ పీడనాలంత. మన పంటల గింజల్లో ఎక్కువ భాగం అందులో సగం బలానికే చేతులెత్తేస్తాయి. నీళ్ళ మధ్యలోనే కూర్చుని దాహంతో ఉన్నట్టు.

రెండో దెబ్బ వేరే ఉంది. ఉప్పులో ఉన్న సోడియం, క్లోరైడు నెమ్మదిగా లోపలికి దిగి, పొటాషియం ఉండాల్సిన చోట సోడియం చేరి, ఎంజైముల పని చెడగొడతాయి. ఇది దాహం కాదు, విషం. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, మొలక రాదు, అంతే. మరి ఏది ఎంత అని తేల్చేదెలా అంటే, కడిగి మంచినీళ్ళలో వేసి చూడటమే. దాహంతో ఆగిన గింజ లేస్తుంది, విషం ఎక్కిన గింజ లేవదు. ప్రయోగశాలల్లోనూ ఇదే పద్ధతి వాడతారు, నువ్వు తెలియకుండానే చేసేశావు. నీ 20లో 11 దాహంతో ఆగినవి. మిగతా 9 ఎందుకు పోయాయో మాత్రం ఇప్పుడే తీర్పు చెప్పకు, ఎందుకంటే నీ పద్ధతిలో ఒక లోపం ఉంది. గింజలు గ్లాసులో మునిగి ఉన్నాయి. మునిగిన గింజకి గాలి అందదు, మూడు రోజులు అలా ఉంటే కుళ్ళేవి కూడా ఉంటాయి. ఈసారి పాత కాటన్ గుడ్డని నాలుగు మడతలేసి, ఆయా నీళ్ళతో తడిపి, దాని మీద గింజలు పరిచి పైన మూకుడు బోర్లించు. మూత ఎందుకంటే, తెరిచి ఉంచితే నీళ్ళు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది, ఒక చెంచా నీళ్ళు రెండో రోజుకి ఒకటిన్నర చెంచా అవుతాయి. ఒక్కో రకానికి మూడేసి గుడ్డలు పెట్టు, రోజూ ఒకే వేళకి లెక్కపెట్టు.

ఇంకొక్క పని చేస్తే నీ ప్రాజెక్టు ముందు ఎవరూ నిలబడలేరు. ఒక చెంచా ఉప్పంటే సుమారు 6 గ్రాములు. లీటరుకి అంత ఉప్పు ఎంత బలంగా నీటిని లాగుతుందో, లీటరుకి 65 గ్రాముల పంచదార కూడా ఇంచుమించు అంతే బలంగా లాగుతుంది. పంచదార విషం కాదు. కాబట్టి ఒక గుడ్డ ఉప్పునీళ్ళతోనూ ఇంకోటి పంచదార నీళ్ళతోనూ తడిపి పక్కపక్కన పెట్టు. రెండింట్లోనూ మొలకలు ఒకేలా ఆలస్యమైతే తప్పంతా దాహానిది. ఉప్పులో ఇంకా తక్కువ వస్తే ఆ తేడా విషానిది. పంచదార గుడ్డ రోజూ మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. చీమల సంగతి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: వరి విత్తనం ఉప్పునీళ్ళలో వేసి తాలు తీసేస్తే మంచిదని చెబితే ఈసారి చేశాను. గుడ్డు తేలేదాకా ఉప్పు కలిపాను, తాలు బాగా తేలింది, తీసేశాను. అప్పటికే పొద్దుపోయింది, ఒళ్ళు అలిసిపోయి ఉన్నాను, గింజల్ని అలాగే గోనెలో పోసి, మొలక తిరగడానికి మూట బిగించి మండె కట్టేశాను. రెండో రోజు విప్పి చూస్తే సగం కూడా మొలక రాలేదు. ఉప్పులో ఏమైనా కల్తీ ఉందంటారా? (ఆమదాలవలస దగ్గర్నుంచి ఒక రైతు)

జవాబు: ఉప్పు మంచిదే బావూ, అందుకే గింజ ఆగిపోయింది. మీరు కడగడం వదిలేశారు, నానబెట్టడమూ వదిలేశారు, కానీ ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం ఆ కడగడంలోనే ఉంది.

లెక్క చూడండి. గుడ్డు తేలాలంటే 10 లీటర్లకి కిలోంపావు నుంచి కిలోన్నర దాకా ఉప్పు పడుతుంది. అంటే లీటరుకి 125 నుంచి 150 గ్రాములు, పైన ఆ పిల్ల తెచ్చిన సముద్రపు నీటికి సుమారు నాలుగు రెట్లు. అంత ఉప్పులో ముంచినా గింజకి ఏమీ కాకపోవడానికి కారణం అది అందులో ఉండేది ఐదు పది నిమిషాలే కావడం. పైగా వరి గింజకి ఊక ఉంది, లోపలికి దిగే వ్యవధి లేదు. వెంటనే రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగేస్తే ఉప్పు వచ్చిన దారినే పోతుంది. మీరు కడక్కుండా గోనెలో కట్టారు, ఊక మీదున్న ఉప్పు రాత్రంతా అక్కడే ఉంది, మండెలో వేడి పుట్టి తడి తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడింది.

ఇప్పుడు చెయ్యాల్సింది, పారెయ్యకండి. గింజల్ని బాగా కడిగి, ఓ పూట మంచినీళ్ళలో ఉంచి నీళ్ళు వంపేసి, అందులోంచి 100 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి చూడండి. మొలకలు 80 దాటితే ఆ విత్తనం నిశ్చింతగా చల్లుకోవచ్చు, ధ్రువీకరించిన వరి విత్తనానికి పెట్టిన కనీస హద్దు కూడా 80 శాతమే. అరవై డెబ్భై వస్తే విత్తనం మోతాదు పెంచుకోండి. యాభై లోపైతే మాత్రం మమకారం పెట్టుకోకండి, ఆకుమడి పలచబడితే ఉభాల వేళకి, అంటే నాట్లప్పుడు, ఇంటింటికీ తిరిగి ఆకు అడుక్కోవాల్సొస్తుంది.

వచ్చే ఏటికి వరస గుర్తుపెట్టుకోండి. ముందు ఎండు విత్తనాన్ని కొంచెం కొంచెంగా ఉప్పునీళ్ళలో పోసి కలియబెట్టి తేలినవి తీసెయ్యడం, వెంటనే కడగడం, ఆ తర్వాత 24 గంటలు నానబెట్టడం, ఆ పైన మండె కట్టడం. నానిన విత్తనాన్ని ఉప్పునీళ్ళలో వేస్తే అసలు ఉపయోగమే లేదు, అప్పటికే బరువు మారిపోయి ఉంటుంది. మందు పట్టించేదుంటే కడిగాకే. గుడ్డు కూడా ఆ రోజు పెట్టినదే తీసుకోండి, పైకి రూపాయి బిళ్ళంత కనిపిస్తే చాలు. ఇది నా అనుభవం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్ళో పదిమంది రైతుల ముందు ఎంతో ధీమాగా గుడ్డు వేశాను, ఉప్పు కలపకముందే తేలింది. పాత గుడ్డు, లోపల గాలి చేరింది. నవ్వులు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది.

ఆ కడిగిన నీళ్ళు ఆకుమడిలోకి గానీ, నూతి పక్కన గానీ పారబొయ్యకండి. బకెట్టు పశువులకి అందేలా అస్సలు వదలొద్దు, దాహంతో ఉన్న గేదె అంత చిక్కటి ఉప్పునీళ్ళు తాగితే ప్రాణం మీదకొస్తుంది.

ప్రశ్న: మాది పూసపాటిరేగ మండలంలో గరువు భూమి. రబీలో బోరు కింద వేరుశెనగ వేస్తాం. రెండేళ్ళుగా మొలక సరిగా రావట్లేదు, వచ్చినవి కూడా ఆకు చివర్లు మాడుతున్నాయి. నీళ్ళు పరీక్ష చేయిస్తే ఈసీ 3.4 అని కాగితం ఇచ్చారు. ఆ అంకె మంచిదో చెడ్డదో చెప్పలేదు. నోట్లో పోసుకుంటే కొంచెం చప్పగా ఉంటాయి గానీ అంత ఉప్పగా లేవు.

జవాబు: కాగితం ఇచ్చి అర్థం చెప్పకపోవడం అన్యాయమే. ఈసీ అంటే ఆ నీటిలోంచి కరెంటు ఎంత సులువుగా పోతుందన్న కొలత. లవణాలు ఎక్కువుంటే ఎక్కువ పోతుంది. ఆ అంకెని 640తో హెచ్చవేస్తే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల లవణాలున్నాయో ఇంచుమించుగా వస్తుంది. మీ 3.4కి లీటరుకి 2 గ్రాముల పైచిలుకు. సాగునీటికి 0.7 లోపుంటే బెంగలేదు, 0.7 నుంచి 3 దాకా జాగ్రత్తగా వాడుకోవాలి, 3 దాటితే కష్టం. మీది దాటింది. నాలుకని నమ్ముకోకండి, మనం రోజూ పులుసులో తినే ఉప్పుకి అలవాటు పడ్డ నాలుక అది.

ఇంకో చిక్కుంది. నీటిలో 3.4 ఉంటే మట్టిలో అంతకన్నా ఎక్కువవుతుంది, ఎందుకంటే నీళ్ళు ఎండకి పోతాయి, ఉప్పు పోదు. మామూలు లెక్కలో ఒకటిన్నర రెట్లు, అంటే మీ మట్టిలో 5 దాకా చేరుతుంది. వేరుశెనగ మట్టిలో 3.2 వరకూ తట్టుకుంటుంది, అది దాటాక ఒక్కో అంకెకీ దిగుబడి 29 శాతం చొప్పున పడిపోతుంది. అదే మెట్ట మీంచి దూకినట్టు. మీ లెక్కన సగానికి పైగా పోయినట్టే. జొన్న 6.8 వరకూ, పత్తి 7.7 వరకూ తట్టుకుంటాయి. ఉల్లి 1.2కే, చిక్కుడు జాతిలో బీన్సు 1కే నీరసపడతాయి. ఈ అంకెలన్నీ ఎదిగిన పంటకి చెప్పినవి, మొలక దశలో చాలా పంటలు ఇంకా సుకుమారం.

పైగా విత్తనం పడే చోటే ఉప్పు చేరుతుంది. పైన రెండంగుళాల మట్టిలోంచి నీళ్ళు ఆవిరవుతుంటే కింది నీరు పైకి ఎగబాకి ఉప్పుని అక్కడ దించిపోతుంది. బోదెలు తోలి కాలవల్లో నీళ్ళు పెడితే ఆ ఉప్పంతా బోదె నడినెత్తిన తెల్లగా పేరుకుంటుంది, సరిగ్గా మనం గింజ పెట్టేది అక్కడే! అందుకే బోదె నెత్తిన కాకుండా పక్క వాలులో, నీళ్ళ అంచుకి కాస్త పైన పెట్టమంటారు.

మీ పొలానికి నా సలహా, వేరుశెనగని వానాకాలానికి మార్చండి. గరువు ఇసుక నేలలో ఒక మంచి వాన పడితే ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది, ఆ పదునులో వేస్తే బోరు అవసరమే తక్కువ. రబీలో తప్పదంటే నీటి కుంట ఉందేమో చూసుకోండి. కుంటలో వాన నీళ్ళ ఈసీ 0.4 ఉందనుకుందాం, బోరు నీళ్ళు సగం అవి సగం కలిపితే 1.9 అవుతుంది, మట్టిలో 3 లోపు ఉంటుంది, వేరుశెనగ బతుకుతుంది. అన్ని కుంట నీళ్ళు లేకపోతే ఉన్నవాటిని విత్తిన తర్వాతి మొదటి రెండు తడులకి దాచండి, బోరు నీళ్ళు మొక్క నిలదొక్కుకున్నాక.

ఇంకోమాట, మీకు నచ్చకపోవచ్చు. సముద్రం ఒడ్డున భూమిలో మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్ళు ఉంటే మట్టానికి కింద సుమారు 40 అడుగులు మంచినీళ్ళు నిలుస్తాయని లెక్క. తిరగేసి చదవండి, మోటారు వేసి ఒక అడుగు దించితే కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి రావడానికి దారి ఇచ్చినట్టు. బోరు ఇంకా లోతుకి దించుదామని ఎవరైనా అంటే రిగ్గు వాడికి డబ్బులిచ్చి ఉప్పు కొనుక్కున్నట్టే. రాత్రంతా మోటారు వదిలేసే పద్ధతి మానండి, కొద్దికొద్దిగా తోడండి.

ప్రశ్న: మాది సంతబొమ్మాళి మండలం. ఉప్పుటేరు గట్టు తెగి ఆకుమడిలోకి నీరొచ్చింది. విత్తనం చల్లి నాలుగు రోజులైంది, అప్పటికే మొలక తిరిగింది. నీరు ఒక పూట నిలిచి, తర్వాత వెళ్ళిపోయింది. మళ్ళీ చల్లాలా? జిప్సం వెయ్యమంటున్నారు పక్కవాళ్ళు.

జవాబు: వరి ఒక వింత పంట. మొలకెత్తేటప్పుడు ఉప్పుని బాగానే ఓర్చుకుంటుంది, తీరా రెండు మూడు ఆకులేసిన పసి దశలో తట్టుకోలేదు. పిలకలు వేసే కాలానికి మళ్ళీ గట్టిపడుతుంది, ఈనే వేళకి మళ్ళీ బలహీనం. కాబట్టి నాలుగో రోజు మొలక ఒక పూట మునిగినందుకు వెంటనే కంగారు పడకండి. అసలు ప్రమాదం వచ్చే వారం.

ఇప్పుడే, ఇవాళే, మడిలో మిగిలిన ఆ నీరు పూర్తిగా తీసేసి మంచినీళ్ళు పెట్టి, కొన్ని గంటలుంచి మళ్ళీ తీసెయ్యండి. రెండు మూడుసార్లు. నీరు అడుక్కి ఇంకేలా నిలగడితే ఆరంగుళాల నీళ్ళు పై అడుగు మట్టిలో ఉప్పుని సగానికి తగ్గిస్తాయి, పన్నెండు అంగుళాలు అయితే ఐదింట నాలుగొంతులు పోతుంది. కాలవలో మంచినీళ్ళు లేకపోతే మొబ్బు వైపు చూడటం తప్ప దారిలేదు. మడి ఆరిపోనివ్వకండి, ఆరితే ఉప్పు పైకి తేలుతుంది. వారం తర్వాత ఆకు చివర్లు తెల్లబడి చుట్టుకుపోతుంటే అప్పుడు మళ్ళీ చల్లే ఆలోచన, అదీ ఆ మడిలో కాదు, మెరక మీద, మంచినీటి నూతి దగ్గర.

జిప్సం సంగతి. చౌడులో రెండు రకాలున్నాయి, మన పెద్దవాళ్ళు వాటికి వేరే పేర్లే పెట్టారు. పాల చౌడులో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, మట్టి మాత్రం గుల్లగానే ఉంటుంది, దానికి మంచినీళ్ళే మందు. కారు చౌడు వేరు, సోడియం మట్టికి అంటుకుపోయి పీహెచ్ 8.5 దాటుతుంది, నీళ్ళు ఇంకవు, ఎండితే పెంకులా బిగుసుకుంటుంది, లోపల గింజ మొలకెత్తినా ఆ పెంకు పగలగొట్టుకుని పైకి రాలేదు. జిప్సం దానికి. మీకు వచ్చింది ఒక పూట ఉప్పునీరు. మట్టి పరీక్ష లేకుండా బస్తాలు కొనొద్దు. కాస్త ఓపిక చేసుకుని మట్టి పట్టుకుని ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో, రాగోలు పరిశోధనా స్థానానికో వెళ్ళండి.

ఏటి పక్క పొలాల్లో ఎద వెయ్యడం, అంటే విత్తనం నేరుగా పొలంలోనే చల్లడం, నేను ఒప్పుకోను, పసిమొక్కని తీసుకెళ్ళి ఉప్పులో పెట్టినట్టు అవుతుంది. ఆకు మెరక మీద పెంచి, ముదరనిచ్చి, ముప్పై ముప్పై ఐదు రోజులదాన్ని కుదురుకి ఒకటి రెండు ఎక్కువ పెట్టి ఊడ్చుకోండి. ముందు జీలుగ చల్లి దమ్ములో కలియదున్నితే ఇంకా మంచిది, జీలుగ చౌడుకి జంకదు. విత్తనం విషయంలో మచిలీపట్నం పరిశోధనా స్థానం చౌడు నేలల కోసమే ఎంసీఎం రకాలు చేసింది, అడిగి చూడండి. కేరళ తీరంలో పొక్కాలి అనే వరి ఉంది, సముద్రపు పోటు వచ్చే పొలాల్లో తరతరాలుగా పండిస్తున్నారు, చౌడు తట్టుకునే కొత్త రకాలు తయారు చెయ్యడానికి శాస్త్రవేత్తలు వాడుకున్న రకాల్లో అదొకటి.

ప్రశ్న: బారువ ఒడ్డున సముద్రం నుంచి కొట్టుకొచ్చిన కొబ్బరికాయకి మొలక చూశాను. ఉప్పునీళ్ళలో విత్తనాలు మొలకెత్తవంటారు కదా?

జవాబు: ఆ కాయ ఉప్పునీళ్ళు తాగలేదు, తన నీళ్ళు తను తెచ్చుకుంది. పీచు తేలుస్తుంది, చిప్ప కాపాడుతుంది, లోపల నీళ్ళూ కొబ్బరీ పిల్లమొక్కకి నెలల తరబడి సరిపోతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలకేసి కొట్టినప్పుడు ఎన్ని కాయలు నీళ్ళపాలయ్యాయో, వాటిలో ఏవి ఎక్కడ ఒడ్డెక్కి మొలిచాయో ఎవరికి తెలుసు.

ఈ ప్రశ్నే 1850ల్లో చార్లెస్ డార్విన్‌కీ వచ్చింది. విత్తనాలు సముద్రం దాటి దీవులకి చేరగలవా అని. సీసాల్లో ఉప్పునీళ్ళు పోసి 87 రకాల గింజలు నానబెట్టాడు. 28 రోజుల తర్వాత తీసి నాటితే 64 రకాలు మొలకెత్తాయి, కొన్నైతే 137 రోజులు ఉప్పునీళ్ళలో ఉండి కూడా బతికాయి. అంటే గింజ ఆగింది గానీ చావలేదు, మన గార అమ్మాయి పెసల లాగే. ఆ అమ్మాయివి మూడు రోజులకే కొన్ని పోయాయి కదా అంటారేమో, ఆయనది చలి దేశం, మనది వేడి, పైగా పెసర తొక్క పలచన. ఆయనకి ఇంకో చిక్కు వచ్చింది, చాలా గింజలు తేలకుండా మునిగిపోయాయి. బతికున్నా అడుక్కి పోతే దీవి చేరేదెలా?

మడ చెట్లది ఇంకో తెలివి. కొన్ని రకాల మడల్లో గింజ కింద పడకముందే, తల్లి కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి జానెడు పొడవు వేరులాంటి కాడ దించుతుంది. ఉప్పు బురదలో మొలకెత్తడం కష్టమని పుట్టింట్లోనే పురుడు పోసుకుని వెళ్తుందన్నమాట. కాకినాడ పక్క కోరింగ వెళ్తే చూడండి.

ప్రశ్న: శ్రీకాకుళం టౌన్లో మేడ మీద కుండీల్లో తోటకూర, టమాటా వేస్తాను. వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా ఎందుకని కుండీలకి పోస్తుంటే విత్తనాలు మొలవడం తగ్గింది. కారణం అదేనా? (ఒక గృహిణి)

జవాబు: అదే అయ్యుంటుంది. ఫిల్టరు మీ నీళ్ళలో ఉప్పు తీసేసి మాయం చెయ్యదు, ఆ పక్క గొట్టంలోకి తోస్తుంది. మీరు తాగే గ్లాసు తియ్యగా ఉండటానికి ఆ బకెట్టు ఉప్పెక్కుతోంది. కుండీలో ఇంకా త్వరగా పేరుకుంటుంది, కింద చిల్లు మూసుకుపోయి ఉంటే మరీనూ. ఆ నీళ్ళు గచ్చు కడగడానికి వాడండి. కుండీ అంచున తెల్లటి చార కనిపిస్తే, చిల్లు తెరిచి, మంచినీళ్ళు కుండీకి రెండింతలు నెమ్మదిగా పోసి కింద నుంచి పోనివ్వండి. విత్తనాలు మాత్రం వాన నీళ్ళతో మొలిపించండి, ఎటూ వానలు వస్తున్నాయి.

ప్రశ్న: విత్తనాన్ని ముందే ఉప్పునీళ్ళలో నానబెడితే తర్వాత చౌడు నేలలో అలవాటు పడి బాగా వస్తుందని వీడియోలో చెప్పారు, నిజమేనా?

జవాబు: ఇందులో కొంత నిజం ఉంది, వీడియోలో ఉన్నంత లేదు. విత్తనాన్ని పలచటి లవణ ద్రావణంలో కొన్ని గంటలు ఉంచి మళ్ళీ నీడలో ఆరబెడితే, మొలక రాకుండానే లోపలి పనులు కొంత ముందుకు జరుగుతాయి, నేలలో పడ్డాక త్వరగా లేస్తుంది. వరికి చెప్పేది 1 శాతం పొటాషియం క్లోరైడు, అంటే లీటరుకి 10 గ్రాములు, 16 గంటలు. అది వంటింటి ఉప్పు కాదు, ఎరువుల కొట్లో దొరికే పొటాష్. సముద్రపు నీళ్ళు పిచికారీ చేస్తే చాలన్న వీడియో కూడా ఒకటి పంపారు, అది చూశాను. అలాంటివి చేసి చూడాలనుంటే మీ చేలో ఒక మూల గజం స్థలంలో చేసుకోండి, ఎకరంలో వద్దు.